పందొమ్మిదో వరస

దెయ్యాలు, పూనకాలు, సోది చెప్పించుకోవడాలు, వీటిలో ఒక్కదాన్నీ నేను నమ్మను. మా వీధిలో ఒకావిడకి పూనకమొచ్చి అందరికీ జరగబోయేది చెప్తోందని జనం పరిగెట్టిన రోజున నేను ఇంట్లో కూర్చుని టీ తాగినాను. నా పని ప్రోగ్రాంలు రాయడం. తప్పు ఉందంటే దానికి కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే మనం సరిగా వెతకలేదన్నమాట. పదమూడేళ్ళుగా ఆ నమ్మకం మీదే అన్నం తింటున్నాను.

ఇప్పుడిది రాయడం విసుగు పుట్టి. ఖరగ్‌పూర్‌లో మావాళ్ళు ఈ సంగతిని ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. అమ్మవారు కంప్యూటర్లోంచి పలికిందని ఒకరు, మా చిన్నాన్నకి దివ్యదృష్టి వచ్చిందని ఒకరు. మొన్న కూరగాయల బజార్లో ఒకావిడ నన్ను ఆపి, వాళ్ళబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో ఆ మిషన్ని అడిగి చెప్పమంది. అందుకని జరిగింది జరిగినట్టు, పొసగని ముక్కలతో సహా, ఒకసారి రాసి పెడుతున్నాను.

మా చిన్నాన్న పేరు సింహాచలం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరిన కుటుంబం మాది. చిన్నాన్న కూడా అక్కడే ఫిట్టరు. ముప్పై దాటినాక నీటికాసులొచ్చి రెండు కళ్ళూ పోయినాయి. తర్వాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగమిచ్చినారు. రిటైరయ్యేదాకా అక్కడే. వందల నంబర్లు నోటికి వచ్చును. ఒకసారి గొంతు వింటే మళ్ళీ మర్చిపోడు.

పిన్ని పోయినాక సుభాష్‌పల్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాము. ఇంట్లో అమ్మ, నేను, చిన్నాన్న. పగలంతా మంచం మీద కూర్చునేవాడు. రాంగ్ నంబరు ఫోనొస్తే చాలు, అవతలివాళ్ళ ఊరూ పేరూ కనుక్కుని పావుగంట మాట్లాడేవాడు. వాళ్ళు పెట్టేసినాక కూడా కాసేపు ఫోను చెవి దగ్గరే ఉంచుకునేవాడు. అది చూడలేకపోయేదాన్ని.

పూరీ గేట్ దగ్గర ఒక డాక్టర్‌బాబు క్లినిక్ ఉంది. అక్కడ రిసెప్షన్‌లో మిఠూ దీదీ నాకు స్నేహితురాలు. వాళ్ళమ్మకి బాగోలేక ఆవిడకి పొద్దుటిపూట సెలవు కావలసి వచ్చింది. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఫోన్లెత్తి, అపాయింట్‌మెంట్లు ఇచ్చి, లిస్టులో పేర్లు పిలిచే మనిషి కావాలి. మా చిన్నాన్న ఉన్నాడన్నాను. కళ్ళు లేని మనిషి తెర మీద లిస్టు ఎలా చూస్తాడని డాక్టర్‌బాబు అడిగినాడు. తెరే చదివి వినిపించేలా చేస్తానన్నాను. నెల రోజులు చూద్దామన్నాడు.

ఆ క్లినిక్‌లో ఉన్నది పాతకాలపు ప్రోగ్రాం. నల్ల తెర, తెల్ల అక్షరాలు, బొమ్మలు లేవు, మౌసు లేదు. ఇరవై నాలుగు వరసలు, వరసకి ఎనభై గడులు. రాసినవాడెవడో ఎవరికీ తెలీదు. బజార్లో దొరికే తెర చదివే సాఫ్ట్‌వేరు పెట్టి చూసినాను. కీ నొక్కినప్పుడల్లా పైనుంచి కింద దాకా గీతలతో సహా మొత్తం అప్పజెప్తోంది. ఫోన్లో పేషెంటు ఎంతసేపుంటాడు? విసుగొచ్చి నేనే రాయడం మొదలెట్టినాను.

ఇందులో పని ఏమిటో కొంచెం చెప్పాలి. ప్రోగ్రాంలు మామూలుగా తెర మీదకి రాస్తాయి, అంతే. రాసినదాన్ని వెనక్కి చదువుకోవడం వేరే పని. ఫలానా వరసలో ఫలానా గడిలో ఇప్పుడేం అక్షరం ఉంది అని అడిగి, ఒక్కొక్కటే తెచ్చుకుని, మాటగా కూర్చి, గొంతుకి ఇవ్వాలి. అది చదివేది కూడా గాజు మీద ఉన్నదాన్ని కాదు. గాజు మీద ఇది ఉంది అని కంప్యూటరు తన దగ్గర పెట్టుకున్న నకలుని. రెండూ ఒకటే అయి ఉండాలి.

లిస్టు అయిదో వరస నుంచి పద్దెనిమిదో వరస దాకా. పొద్దున పధ్నాలుగు మందే. చిన్నాన్న కిందికి బాణం కీ నొక్కుకుంటూ పోతే ఒక్కో పేరూ, వయసూ వినిపిస్తుంది. పందొమ్మిదో వరస ఎప్పుడూ ఖాళీ. అక్కడికి రాగానే లిస్టు అయిపోయిందని తెలియాలని, 'ఖాళీ' అన్న మాటని నా గొంతుతో రికార్డు చేసి పెట్టినాను. ఏ వరసలో ఏం చదివిందో టైముతో సహా ఒక ఫైల్లో రాసుకునేలా కూడా చేసినాను. పనిలో నాకది అలవాటు.

మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. మిషన్ గొంతు మన పేర్లని చంపేసేది. అప్పారావుని ఆపరావ్ అనేది. చిన్నాన్న నవ్వుకుని, సరిగా దిద్ది, రైల్వే అనౌన్స్‌మెంటులాగ పిలిచేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిక్షాలో నిటారుగా కూర్చుని వెళ్ళేవాడు. ఇంటికొచ్చినాక రాంగ్ నంబర్ల కోసం చూడడం మానేసినాడు.

రెండోవారం మంగళవారం మొదలైంది గొడవ. పధ్నాలుగు మందీ అయిపోయినారు, డాక్టర్‌బాబు లేస్తున్నాడు. ఇంకొకరున్నారు, సూరమ్మ అని, అన్నాడు చిన్నాన్న. డాక్టర్‌బాబు మళ్ళీ కూర్చుని పావుగంట చూసినాడు. ఎవరూ రాలేదు.

సాయంత్రం నేను ఫైలు తెరిచి చూసినాను. పందొమ్మిదో వరస. ఇంగ్లీషు అక్షరాల్లో 'గొర్లె సూరమ్మ', పక్కన యాభై ఎనిమిది. టోకెన్ నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మర్నాడు పొద్దున నేనే వెళ్ళి తెర ముందు కూర్చున్నాను. పందొమ్మిదో వరసలో ఏమీ లేదు. నల్లగా ఉంది. బాణం నొక్కినాను.

"గోర్ల్ సురామా, ఫిఫ్టీ ఎయిట్," అంది మిషన్.

నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే. చిన్న తప్పు, గంటలో పట్టేస్తాననుకున్నాను.

నల్ల తెర మీద నల్ల అక్షరాలు రాసి ఉంటే మనకి కనబడవు, ప్రోగ్రాంకి కనబడతాయి. అదే అయి ఉంటుందని ఆ వరసలో ఒక్కో గడికీ రంగు అడిగినాను. అన్నీ తెలుపే. అలాంటప్పుడు అక్షరం ఉంటే కనబడి తీరాలి. పాత పేరేదో నకల్లో మిగిలిపోయిందేమో అని మొత్తం చెరిపించి, మళ్ళీ గీయించి చదివించినాను. అదే పేరు. ఆ వరసలో నేనే వరసగా చుక్కలు పెట్టినాను. చుక్కలు అని సరిగ్గా చదివింది. చుక్కలు తీసేస్తే మళ్ళీ సూరమ్మ. కంప్యూటరు మార్చి చూసినాను. మా ఇంట్లో పెట్టి వందసార్లు నడిపినాను, ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు. క్లినిక్‌లో పెడితే వస్తుంది.

క్లినిక్ పాత రికార్డులన్నీ, సూరమ్మ అన్న పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా, వెతికినాను. లేదు. కంప్యూటరు రాకముందు చేతిరాత రిజిస్టర్లు మిఠూ దీదీ రెండు సాయంత్రాలు కూర్చుని తిరగేసింది. "ఏయి నామే కేఉ నేయి, భారతీ," అంది. ఆ పేరున్న మనిషే ఎప్పుడూ రాలేదు.

మిగిలిపోయిన పాత పేరు అనడానికి కూడా వీల్లేకుండా పోయింది. ఎప్పుడూ రాయని పేరు ఎలా మిగులుతుంది?

శుక్రవారం డాక్టర్‌బాబు నన్ను గుమ్మం దగ్గర ఆపినాడు. కోప్పడలేదు. ఇవాళ లేని పేరు చదివేది రేపు ఉన్న పేరు వదిలేయొచ్చు కదా అన్నాడు. సోమవారానికి సరిచేయకపోతే మీ చిన్నాన్నగారి సంగతి మళ్ళీ ఆలోచించాలి అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది.

శనివారం, ఆదివారం తిండి సయించలేదు. నేను రాసింది మహా అయితే నాలుగొందల లైన్లు. ప్రతి లైనూ నాకు కంఠతా వచ్చు. అందులో ఆ పేరు పుట్టే చోటు లేదు. అమ్మ రెండుసార్లు అన్నం వేడిచేసి, మూడోసారి తిట్టింది. ఆఖరికి ఆదివారం మధ్యాహ్నం, నా పనిలో ఎవరైనా చేస్తే నేను చీదరించుకునే పని చేసినాను. కారణం తెలియకుండా మూత పెట్టేసినాను. పందొమ్మిదో వరసలో ఏం దొరికినా సరే, గొంతు మాత్రం 'ఖాళీ' అనే చెప్పేలా మార్చేసినాను.

చిన్నాన్నకి చెప్పినాను. ఆయనకి నచ్చలేదు.

"దాని నోరు మూసెస్తే పేరు లేకండా పోద్దేటి?" అన్నాడు.

"లేని పేరే అది సిన్నాన్నా! తెర మీద ఏటీ లేదు. నా కళ్ళతో నాను సూసినాను."

"నాను టెలిఫోన్ కాడ అన్నేళ్ళు కూకున్నాను తల్లీ. అవతల మనిషి ఏనాడైనా నాకు కనబడ్డాడేటి? కనబడలేదని లేడనేసినానా?"

"నీ ఉద్యోగం పోతాది. అది ఇష్టమేనా నీకు?" అని గట్టిగా అరిచినాను. చిన్నాన్న మొహం గోడ వైపు తిప్పుకుని పడుకున్నాడు. అలా అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సోమవారం, మంగళవారం ఏ గొడవా లేదు. పధ్నాలుగు పేర్లు, ఆ తర్వాత నా గొంతుతో 'ఖాళీ'. డాక్టర్‌బాబు బాగుందన్నాడు. నాకు మాత్రం చెప్పులో రాయి ఉన్నట్టే ఉంది.

బుధవారం మా ఆఫీసుకి సెలవు పెట్టి నేను కూడా క్లినిక్‌కి వెళ్ళినాను. ప్రోగ్రాం నడుస్తుండగా పక్కన కూర్చుని చూద్దామని. చిన్నాన్న పక్కనే మిఠూ దీదీ కుర్చీలో కూర్చున్నాను. పన్నెండు కావస్తోంది. లిస్టులో ఇంకా అయిదుగురున్నారు, బెంచీలన్నీ నిండి ఉన్నాయి.

సాలువా వైపు నుంచి వచ్చిన ఆటో ఒకటి ఆగింది. ఇరవై అయిదేళ్ళ అమ్మాయి, వాళ్ళమ్మని పట్టుకుని దింపింది. ఆ పెద్దావిడ నడిచే వచ్చింది. పెద్దగా ఏమీ ఉన్నట్టు లేదు. చెమట పట్టింది, దవడ మీద చెయ్యేసుకుని ఉంది, పంటినొప్పి మనిషిలాగ. ఆ అమ్మాయి వచ్చీరాని హిందీలో మొదలెడితే తెలుగువాళ్ళేనని పోల్చుకుని, తెలుగులోనే అడిగినాను. పొద్దుట నుంచి దవడ లాగుతోందట, వీపు నొప్పట, రెండుసార్లు వాంతి అయిందట. గ్యాస్ అనుకున్నారట.

అపాయింట్‌మెంటు ఉందా అంటే లేదంది. లిస్టు నిండిపోయింది, సాయంత్రం అయిదింటికి రండమ్మా అన్నాను. నేనే అన్నాను ఆ మాట. ఆ అమ్మాయి సరే అని వాళ్ళమ్మని వెనక్కి తిప్పింది కూడాను.

చిన్నాన్న ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో ఆపి, మొహం వాళ్ళ వైపు తిప్పినాడు.

"ఎల్లిపోకండమ్మా. ఆ పెద్దమ్మ పేరేటి?"

పెద్దావిడే చెప్పింది, ఆయాసపడుతూ. "గొర్లె సూరమ్మ, బావూ."

ఆ క్షణంలో నేను ఏం చేసినానో చెప్తే నవ్వుతారు. తెర వైపు చూసినాను. పందొమ్మిదో వరసలో ఏమీ లేదు.

చిన్నాన్న ఫోను పెట్టెయ్యలేదు, బల్ల మీద పడేసినాడు. లేచి, గోడ మీద చెయ్యి రాసుకుంటూ, తలుపు కొట్టకుండా డాక్టర్‌బాబు గదిలోకి నడిచిపోయినాడు. "డాక్టర్‌బాబూ, సూరమ్మ వచ్చినాది. ఇప్పుడే సూడాల," అని తెలుగులోనే అరిచినాడు. ఆయన బెంగాలీ, కంగారులో ఈయన నోట తెలుగే వచ్చింది. అయినా సూరమ్మ అన్న మాట ఆయనకి అర్థమైంది. ఆ పేరు కోసం వారం కిందట పావుగంట ఎదురు చూసిన మనిషి కదా.

లోపల పడుకోబెట్టి ఈసీజీ తీసినారు. కాగితం బయటికొస్తుండగానే డాక్టర్‌బాబు మొహం మారిపోయింది. గుండెపోటు. ఆడవాళ్ళకి ఒక్కోసారి ఛాతీలో కాకుండా దవడలో, వీపులో వస్తుందట. నాలిక కింద మాత్ర పెట్టి, నమిలేందుకు ఇంకోటి ఇచ్చి, తన సొంత కారులోనే పెద్దాసుపత్రికి పంపించినాడు. మరో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో నేను చెప్పలేను అన్నాడు తర్వాత. నేను సాయంత్రం అయిదింటికి రమ్మన్నాను.

ఆవిడ బతికింది. ఇప్పుడు బాగానే ఉంది.

ఆ మధ్యాహ్నం క్లినిక్ ఖాళీ అయినాక ఫైలు తెరిచినాను. నేను మూసింది గొంతు ఒక్కటే. చదివింది రాసుకోవడం ఆపలేదు. సోమవారం చదివింది. మంగళవారం చదివింది. ఆ పొద్దున పదింటి నుంచి పన్నెండు లోపు చిన్నాన్న పదకొండుసార్లు కిందికంటా వెళ్ళినాడు. పదకొండుసార్లూ గొర్లె సూరమ్మ అని ఫైల్లో ఉంది. పదకొండుసార్లూ 'ఖాళీ' అని నా గొంతే చెప్పింది.

పది రోజుల తర్వాత, సూరమ్మ ఆసుపత్రి నుంచి వచ్చినాక, పుస్తకం పెన్ను పట్టుకుని సాలువా వెళ్ళినాను. అల్లుడు అక్కడి పోలీసు క్యాంపులో వంటపని చేస్తాడు, పక్క ఊళ్ళో అద్దెకుంటున్నారు. నేనేదో ప్రభుత్వం నుంచి వచ్చినాననుకుని సూరమ్మ మొదట భయపడింది. తర్వాత నాకు అటుకులు పెట్టింది.

అడిగినవన్నీ రాసుకున్నాను. ఆవిడ ఖరగ్‌పూర్ రావడం అదే మొదటిసారి. టెక్కలి దగ్గర పల్లె. శుక్రవారం రైలెక్కి శనివారం దిగింది. అంటే మిషన్ ఆ పేరు మొదటిసారి చదివిన మంగళవారం నాటికి ఆవిడ తన ఊళ్ళోనే ఉంది, టికెట్టు కూడా తీసుకోలేదు. కూతురికి జ్వరమని గురువారం ఫోనొస్తే బయల్దేరిందట. కూతురు మా క్లినిక్‌కి ఎప్పుడూ రాలేదు, ఫోను చెయ్యలేదు. ఆ రోజు మా దగ్గరకి తీసుకొచ్చింది ఆటోవాడు, దారిలో బోర్డు కనబడితే.

పొసగని ముక్క కూడా చెప్తానన్నాను కదా. మిషన్ చదివిన వయసు యాభై ఎనిమిది. ఆవిడ ఆధార్‌లో అరవై మూడు ఉంది. అసలు వయసెంత అని అడిగితే, "ఎవులికి తెలుసు తల్లీ, మాయమ్మకే తెల్దు," అంది.

సూరమ్మ క్లినిక్‌కి వచ్చిన మర్నాడే నేను పెట్టిన మూత తీసేసినాను. ఆ వరస మళ్ళీ ఎప్పుడూ ఏమీ చదవలేదు. బుధవారం మధ్యాహ్నం నుంచి ఇవాళ్టి దాకా ఫైల్లో ఆ చోట ఏమీ లేదు. పాత కంప్యూటరు పెట్టి చూసినాను, మూత పెట్టకముందు నేను రాసిన ప్రోగ్రాం పెట్టి చూసినాను, అదే లిస్టు మళ్ళీ వేసి చూసినాను. రావట్లేదు. నేను సరిచేసి ఉంటే సంతోషించేదాన్ని. నేనేమీ చెయ్యలేదు, దానంతటదే మానేసింది. అదే నాకు నిద్ర లేకుండా చేస్తోంది.

చిన్నాన్న ఉద్యోగం నిలబడింది. మిఠూ దీదీ తిరిగి వచ్చినా పొద్దుటిపూట ఆయన్నే ఉంచినారు. నువ్వేమనుకుంటున్నావని అడిగినాను ఒకరోజు. "పేరు సదివినాది, మనిషి వచ్చినాది. దానికి నువ్వెందుకే ఇంత కొట్టుకుంటావు?" అన్నాడు. ఆయనకి ఈ సంగతి అక్కడితో అయిపోయింది. రిసీవరు పెట్టేసినంత తేలిక.

నాకు అవ్వలేదు. ఇదే పనిలో ఉన్న స్నేహితుడు ఒకడికి కోల్‌కతాలో ఫైలంతా చూపించినాను. టైములు చూసినాడు, నా నాలుగొందల లైన్లూ చదివినాడు. తర్వాత చాలా మర్యాదగా, ఈ ఫైలు ఎవరైనా తర్వాత కూర్చుని రాయొచ్చు కదా భారతీ అన్నాడు. రాయొచ్చు. అతని చోట నేనుంటే నేనూ అదే అనేదాన్ని. పోనీ మళ్ళీ చేసి చూపించు అన్నాడు.

చూపించలేను. చేసి చూపించలేనిదాన్ని నమ్మమని నేనెవర్నీ అడగను, నేను నమ్ముతున్నానని కూడా చెప్పను. మా చిన్నాన్న విన్నాడు, డాక్టర్‌బాబు ఎదురు చూసినాడు, మిఠూ దీదీ రిజిస్టర్లు వెతికింది, నేను మూత పెట్టినాను. ఎలాగో తెలీదు. జరిగింది.